చెట్టు పనికి బీమా: పాలసీ ఉన్నా పరిహారం ఎందుకు ఆగుతుంది?

క్లుప్తంగా: చెట్లు కొట్టే, కొమ్మలు కత్తిరించే, మందు వేసే కంపెనీకి ఒక్క పాలసీ సరిపోదు. ఒక్క కొమ్మ విరిగిపడినా మూడు వేర్వేరు పాలసీలతో పని పడవచ్చు. క్లెయిమ్ ఆగిపోయినప్పుడు చాలాసార్లు కారణం బీమా మొత్తం చాలకపోవడం కాదు, చెట్టు దగ్గర జరిగిన పనికీ పాలసీలో రాసిన పనికీ పొంతన లేకపోవడం. ఈ రంగం బాగా వ్యవస్థీకృతమైన అమెరికా, బ్రిటన్ నిబంధనల ఆధారంగా ఆ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఒక పెరట్లో సగం ఎండిన పెద్ద చెట్టు ఉందనుకుందాం. నలుగురు మనుషులు వచ్చారు. ఒకరు తాళ్లు కట్టుకుని పైకెక్కి కొమ్మ కోస్తున్నారు. ఇద్దరు కింద తాడు పట్టుకుని దాన్ని మెల్లగా దించుతున్నారు. నాలుగో మనిషి కోసిన కొమ్మల్ని, వాటిని ముక్కలు చేసే చిప్పర్ యంత్రంలోకి తోస్తున్నాడు. ఇంతలో తాడు జారింది. కొమ్మ ఊగుతూ వెళ్లి పక్కింటి కప్పు పగలగొట్టింది. అక్కడినుంచి జారి తాడు పట్టుకున్న మనిషి భుజం విరగ్గొట్టి, చివరికి చిప్పర్ మీద పడి దాన్ని సొట్టపెట్టింది. ఉంచమని ఇంటివాళ్లు చెప్పిన పచ్చి కొమ్మ కూడా ఈ ఊపుకి మొదలంటా చీలిపోయింది.

ప్రమాదం ఒక్కటే అయినా బీమా లెక్కలో ఇవి నాలుగు నష్టాలు. పక్కింటి కప్పు జనరల్ లయబిలిటీ పాలసీ కిందికి వస్తుంది. పనివాడి భుజం వర్కర్స్ కాంపెన్సేషన్ కిందికి వస్తుంది. చిప్పర్ బాగుచేయడానికి పరికరాల బీమా కావాలి. చీలిపోయిన పచ్చి కొమ్మకైతే ఏ పాలసీ నుంచీ డబ్బు రాకపోవచ్చు. "మాకు బీమా ఉంది" అనే కంపెనీ దగ్గర ఈ మూడూ ఉన్నాయా, ఒక్కటే ఉందా అన్నది ఆ మాటను బట్టి తెలియదు.

ఏ నష్టం ఎవరి ఖాతాలో

జనరల్ లయబిలిటీ బయటివాళ్ల కోసం ఉన్న పాలసీ. కంపెనీ పని వల్ల వేరేవాళ్లకు గాయమైనా, వాళ్ల ఆస్తి పాడైనా అందుకు పరిహారం ఇస్తుంది, కోర్టు కేసు వస్తే లాయరు ఖర్చూ భరిస్తుంది. అమెరికాలో చిన్న కంపెనీలు సాధారణంగా ఒక్క ఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 20 లక్షల డాలర్ల పరిమితితో దీన్ని తీసుకుంటాయి. కంపెనీ సొంత ఉద్యోగి గాయపడితే ఈ పాలసీ ఇవ్వదు. ఆ బాధ్యత వర్కర్స్ కాంపెన్సేషన్‌ది. అక్కడ తప్పు ఎవరిదన్న విచారణ ఉండదు. పనిలో గాయపడితే వైద్య ఖర్చు, పోయిన జీతంలో కొంత భాగం అందుతాయి. బదులుగా ఉద్యోగి యజమాని మీద దావా వేసే హక్కును సాధారణంగా వదులుకుంటాడు.

రంపాలు, తాళ్లు, చిప్పర్లు, మొదళ్లు తురిమే యంత్రాలు రోజూ ఒకచోటి నుంచి మరోచోటికి తిరుగుతుంటాయి. ఆఫీసు లేదా షెడ్డు మీద తీసుకున్న ఆస్తి బీమా ఆ ఆవరణలో ఉన్నవాటికే ప్రధానంగా వర్తిస్తుంది. తిరిగే సామానుకు 'ఇన్‌లాండ్ మెరైన్' అనే వేరే పాలసీ ఉంది. పేరులో సముద్రం ఉన్నా ఇది నేల మీది బీమాయే. ఓడల్లో సరుకుకు బీమా చేసిన సంస్థలే ఆ రక్షణను రేవు దాటి నేల మీది రవాణాకూ పొడిగించడంతో ఆ పేరు నిలిచిపోయింది.

బకెట్ ట్రక్కు దగ్గర హద్దు ఇంకా సన్నగా ఉంటుంది. అమెరికాలో ఎక్కువగా వాడే ప్రామాణిక లయబిలిటీ పాలసీ ప్రకారం, మనుషుల్ని పైకెత్తే బకెట్ బిగించిన ట్రక్కు రోడ్డు మీద వెళ్తున్నప్పుడు వాహనమే. అది ఎవరినైనా గుద్దితే కమర్షియల్ ఆటో పాలసీ చూసుకోవాలి. అదే ట్రక్కును చెట్టు కింద ఆపి, బకెట్ పైకెత్తి పనిచేస్తుండగా బకెట్ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే అది జనరల్ లయబిలిటీ కిందికి మారుతుంది. బండి ఒక్కటే అయినా పాలసీలు రెండు. ఈ రెండూ వేర్వేరు బీమా సంస్థల దగ్గర ఉంటే, బండి ఆగిన క్షణం ఎప్పుడు, పని మొదలైన క్షణం ఎప్పుడు అన్న వాదన మొదలవుతుంది. ఆ వాదన తేలేదాకా గాయపడినవాళ్లు ఎదురుచూడాలి. అందుకే ఆటో, లయబిలిటీ పాలసీలు ఒకే సంస్థ దగ్గర ఉంచుకోవడం మంచిది.

పని పేరు దగ్గరే మొదలయ్యే చిక్కు

బీమా సంస్థ ప్రీమియం లెక్కగట్టేది పని పేరును బట్టి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వర్కర్స్ కాంపెన్సేషన్‌కు వాడే వర్గీకరణలో చెట్ల కత్తిరింపు, మందు కొట్టడం, చెట్లకు మరమ్మతు వంటి పనుల కోడ్ 0106. తోటల ఏర్పాటుకు 0042, పచ్చిక కోతకు 9102 అని వేరే కోడ్‌లున్నాయి. ప్రతి కోడ్‌కూ 100 డాలర్ల జీతానికి ఇంత అని రేటు ఉంటుంది. ఎత్తు మీద రంపంతో చేసే పని రేటు పచ్చిక కోసే పని రేటుకన్నా బాగా ఎక్కువ.

తోటపని కంపెనీగా మొదలైనవాళ్లు పచ్చిక కోస్తూ, మొక్కలు నాటుతూ ఉంటారు. ఖాతాదారు "ఆ చెట్టు కూడా కొట్టేయండి" అంటారు. చేతిలో రంపం ఉంది, ఎక్కగల మనిషి ఉన్నాడు, పని చేసేస్తారు. పాలసీలో మాత్రం 'తోటపని' అనే ఉంటుంది. కొందరు తక్కువ ప్రీమియం కోసం తెలిసే అలా రాయిస్తారు, ఎక్కువమంది పాలసీ తీసుకున్న నాటి మాటను మార్చడం మరిచిపోతారు. క్లెయిమ్ దగ్గర రెండింటి ఫలితం ఇంచుమించు ఒక్కటే.

వర్కర్స్ కాంపెన్సేషన్‌లో గాయపడ్డ ఉద్యోగికి చట్టం అండ ఉంటుంది కాబట్టి కోడ్ తప్పన్న కారణంతో అతని పరిహారం సాధారణంగా ఆగదు. ఏడాది చివర బీమా సంస్థ చేసే ఆడిట్‌లో మాత్రం సరైన కోడ్ ప్రకారం తేడా సొమ్ము వసూలు చేస్తారు. లయబిలిటీ పాలసీలో పరిస్థితి వేరు. అందులో 'పేర్కొన్న పనులకు మాత్రమే' అన్న ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసి దాని షరతులు మార్చే పత్రం) ఉంటే, జాబితాలో లేని పని వల్ల జరిగిన నష్టానికి పైసా రాదు. పక్కింటి కప్పు ఖర్చు మొత్తం కంపెనీ మీద, ఒక్కోసారి యజమాని సొంత ఆస్తి మీద పడుతుంది.

సబ్ కాంట్రాక్టర్ల విషయమూ ఇలాంటిదే. పెద్ద చెట్టు వచ్చినప్పుడు రోజు కూలికి బయటినుంచి ఎక్కే మనిషిని పిలవడం ఈ రంగంలో మామూలు. ఆ మనిషికి సొంత వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీ లేకపోతే, ఆడిట్‌లో అతనికిచ్చిన డబ్బును జీతం కింద లెక్కగట్టి ప్రీమియం వేస్తారు. బ్రిటన్‌లోనూ దాదాపు ఇదే తర్కం. సొంత పరికరాలు, సొంత బీమా ఉండి స్వతంత్రంగా పనిచేసేవాళ్లను అసలైన సబ్ కాంట్రాక్టర్లుగా, యజమాని చెప్పినట్టు శ్రమ మాత్రమే ఇచ్చేవాళ్లను ఉద్యోగులతో సమానంగా బీమా సంస్థలు చూస్తాయి. ఏ పేరుతో పిలిచినా అక్కడ పైకెక్కేది ఒక మనిషే. ప్రమాదం జరిగితే అతని కుటుంబానికి ఏ పాలసీ నుంచి డబ్బు వస్తుందో చెట్టెక్కకముందే తేలి ఉండాలి.

పాలసీ వెనక పేజీలు

మొదటి పేజీలో పరిమితులు పెద్ద అంకెల్లో ఉంటాయి. అసలు విషయం వెనక పేజీల్లోని మినహాయింపుల్లో ఉంటుంది. చెట్టు పనికి సాధారణంగా అడ్డుపడేవి ఎత్తు పరిమితి, క్రేన్ వాడకం, కరెంటు తీగల దగ్గర పని, బీమా లేని సబ్ కాంట్రాక్టర్లు. ఇన్ని అడుగులు లేదా ఇన్ని మీటర్లు దాటి చేసే పనికి వర్తించదని రాసిన పాలసీ, రోజూ ఆ ఎత్తు దాటి ఎక్కే కంపెనీకి దాదాపు పనికిరాదు. క్రేన్‌తో దుంగను ఎత్తుతుండగా ఆ దుంగ వల్ల జరిగే నష్టం ఒకటి, అద్దెకు తెచ్చిన క్రేన్‌కు జరిగే నష్టం ఇంకొకటి. రెంటికీ వేర్వేరు రక్షణ కావాలి.

తీగల విషయంలో బీమాకన్నా ముందు భద్రతా నియమం ఉంది. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నియమాల ప్రకారం, విద్యుత్ పనిలో ప్రత్యేక శిక్షణ లేనివాళ్లు 50 కిలోవోల్టుల వరకూ ఉన్న తీగలకు కనీసం 10 అడుగుల దూరం పాటించాలి. తీగల పక్కన కొమ్మలు కొట్టే పనిని విడి పనిగా గుర్తించి, దానికి వేరే శిక్షణ, వేరే ధర పెట్టడం బీమా సంస్థలకు అలవాటు. ఇంటి ముందు చెట్టు కొమ్మలు తీగల్లోకి పోయి ఉంటే మామూలు పాలసీ ఉన్న కంపెనీ ఆ భాగం జోలికి పోకూడదు.

'పని జరుగుతున్న ఆస్తి' మినహాయింపును చాలామంది గమనించరు. కంపెనీ ఏ భాగం మీద పనిచేస్తోందో, ఆ భాగానికే పని వల్ల నష్టం జరిగితే ప్రామాణిక లయబిలిటీ పాలసీ ఇవ్వదు. పై ఉదాహరణలో పచ్చి కొమ్మకు పరిహారం రాకపోవచ్చు అన్నది ఇందుకే. చెట్టే పని వస్తువు, చెట్టుకే నష్టం జరిగింది. పనితనం సరిగా లేకపోవడాన్ని బీమాతో పూడ్చకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. అది న్యాయమే. కానీ ఎంతో కాలంగా పెరిగిన చెట్టు పోయిన ఇంటివాళ్లకు ఈ తేడా తెలిసేది క్లెయిమ్ తిరిగొచ్చాకే. దీనికి కొంతవరకూ పరిష్కారంగా చెట్టు పని కంపెనీల కోసమే రాసిన కొన్ని పాలసీల్లో అదనపు రక్షణ అమ్ముతారు.

మందు కొట్టడమూ ఇలాంటిదే. గాలికి మందు కొట్టుకుపోయి పక్క తోటలో మొక్కలు మాడిపోతే, ప్రామాణిక పాలసీ దాన్ని కాలుష్యం కింద లెక్కేసి మినహాయించవచ్చు. పురుగుమందులు, కలుపుమందులు వాడేవాళ్ల కోసం ప్రత్యేక ఎండార్స్‌మెంట్ ఉంది. అదీ చట్టం, లైసెన్సు అడిగే ప్రమాణాలన్నీ పాటిస్తేనే పనిచేస్తుంది. లైసెన్సు లేని మనిషి చేత కొట్టిస్తే ఎండార్స్‌మెంట్ ఉన్నా లాభం ఉండదు.

పొరపాటున వేరే చెట్టు కొడితే

హద్దు రాయి సరిగా చూడక పక్కవాళ్ల చెట్టు నరికేయడం ఈ రంగంలో పాత సమస్య. దీనికి లయబిలిటీ పాలసీ వర్తిస్తుందా అన్నది కోర్టుల్లోనూ ఒక్క మాట మీద నిలవలేదు. పాలసీ వర్తించాలంటే జరిగింది 'ప్రమాదం' అయి ఉండాలి. చెట్టు నరకడం మాత్రం కావాలని చేసిన పని. ఎవరి చెట్టన్న విషయంలోనే పొరపాటు. 2015లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ముందుకు ఒక ఇంటి యజమాని కేసు వచ్చింది. వివాదం పక్కవాళ్లవని చెప్పిన ఆలివ్ చెట్ల కొమ్మలు కొట్టించడం గురించి. అవి తన స్థలంలోవే అనుకున్నానని ఆ యజమాని వాదించినా, కొట్టించడం ఉద్దేశపూర్వకమే కాబట్టి అది ప్రమాదం కాదని, బీమా సంస్థ కేసు ఖర్చు భరించనక్కర్లేదని కోర్టు తేల్చింది. అది ఇంటి బీమా పాలసీ. కానీ 'ప్రమాదం' అన్న షరతు కంపెనీల లయబిలిటీ పాలసీల్లోనూ ఉంటుంది. మరికొన్ని రాష్ట్రాల్లో కోర్టులు దీనికి భిన్నంగా చూశాయి.

నష్టం ఎంత అన్నది ఇంకో చిక్కు. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు పరాయి చెట్టు నరికితే రెండింతలు, మూడింతలు పరిహారం ఇప్పిస్తాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో మూడింతలు. అసలు నష్టానికి పాలసీ వర్తించినా, ఆపైన వేసిన భాగాన్ని శిక్షగా చూసి బీమా సంస్థ తిరస్కరించే అవకాశం ఉంది. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు రక్షిత వృక్షంగా ప్రకటించిన చెట్టును అనుమతి లేకుండా నాశనం చేస్తే కోర్టు వేసే జరిమానాకు గరిష్ఠ పరిమితే లేదు. నేరానికి పడే జరిమానాను లయబిలిటీ పాలసీ చెల్లించదు. కాబట్టి ఇక్కడ కంపెనీని కాపాడేది హద్దుల పటం, ఖాతాదారు సంతకం, నరకాల్సిన చెట్టు మీద ముందుగా వేసిన రంగు గుర్తు, స్థానిక సంస్థ నుంచి తెచ్చుకున్న అనుమతి. వీటికయ్యే ఖర్చు చాలా తక్కువ.

సలహా వల్ల వచ్చే బాధ్యత

"ఈ చెట్టు వల్ల ప్రమాదం లేదు" అని ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) రాసిచ్చాడు. మరుసటి గాలివానకు అది కారు మీద పడింది. ఇక్కడ రంపం పట్టిందీ లేదు, కొమ్మ కోసిందీ లేదు. ఇచ్చింది అభిప్రాయం. చెట్టు పని కంపెనీల లయబిలిటీ పాలసీల్లో వృత్తిపరమైన సలహాను మినహాయించే ఎండార్స్‌మెంట్ తరచూ కనిపిస్తుంది. దానికి ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ విడిగా తీసుకోవాలి. 1924లో మొదలైన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ చెట్ల ప్రమాద అంచనాకు ప్రత్యేక అర్హత పరీక్ష నడుపుతోంది. ఇలాంటి నివేదికలు రాసేవాళ్లు పెరిగేకొద్దీ ఈ రకం బాధ్యతా పెరుగుతుంది.

ఈ పాలసీ నడిచే తీరూ వేరు. ఎక్కువగా ఇవి క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉండాలి. నివేదిక రాసినప్పుడు పాలసీ ఉండి, దావా వచ్చేనాటికి లేకపోతే రక్షణ లేనట్టే.

రెండు దేశాలు, రెండు పద్ధతులు

అమెరికాలో వర్కర్స్ కాంపెన్సేషన్ రాష్ట్రాల చట్టం. ప్రైవేటు యజమానులు అందులో చేరకుండా ఉండే వీలు టెక్సాస్ ఇస్తుంది. నార్త్ డకోటా, ఒహాయో, వాషింగ్టన్, వయోమింగ్ రాష్ట్రాల్లో దీన్ని ప్రైవేటు బీమా సంస్థల దగ్గర కొనలేరు, ప్రభుత్వ నిధి నుంచే తీసుకోవాలి. తుఫాను తర్వాత పని కోసం రాష్ట్రం దాటి వెళ్లే బృందాలకు ఇది పెద్ద విషయం. సొంత రాష్ట్రం పేరు మాత్రమే ఉన్న పాలసీతో వేరే రాష్ట్రంలో చెట్టెక్కితే, అక్కడి చట్టం ప్రకారం రావాల్సిన పరిహారం చిక్కుల్లో పడవచ్చు. కూలిన చెట్లు ఒకదాని మీద ఒకటి ఒత్తిడితో వంగి ఉండే తుఫాను పని ఎంతో ప్రమాదకరం. సరిగ్గా ఆ పనిలోనే హడావుడిలో కాగితాలు వెనకబడతాయి.

బ్రిటన్‌లో 1969 నాటి చట్టం ప్రకారం ఉద్యోగులున్న దాదాపు ప్రతి యజమానీ కనీసం 50 లక్షల పౌండ్ల ఎంప్లాయర్స్ లయబిలిటీ బీమా తీసుకోవాలి. లేకుండా నడిపితే రోజుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. బయటివాళ్ల కోసం ఉండే పబ్లిక్ లయబిలిటీ మాత్రం చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. అమెరికా పద్ధతిలో తప్పు ఎవరిదైనా ఉద్యోగికి పరిహారం అందుతుంది కానీ దానికి పరిమితులుంటాయి. బ్రిటన్‌లో యజమాని నిర్లక్ష్యం లేదా బాధ్యతా లోపం చూపించాల్సి ఉంటుంది. చూపించగలిగితే పరిహారం ఎక్కువే రావచ్చు. గాయపడ్డ మనిషికి త్వరగా డబ్బు చేరడం ముఖ్యం అనుకుంటే మొదటి పద్ధతిదే పైచేయి.

ప్రీమియం ఎందుకంత ఎక్కువ

పనిలోని అపాయమే మొదటి కారణం. ఎత్తు, రంపం, కరెంటు, బరువు నాలుగూ ఒకే చోట కలిసే వృత్తులు తక్కువ. అమెరికాలో చెట్టు పనికి జెడ్133 అనే భద్రతా ప్రమాణం ఉంది. కొమ్మలు కొట్టే పనిలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి 1968లో ప్రభుత్వ సంస్థలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టడం వల్లే ఆ ప్రమాణానికి బీజం పడింది. 1972లో అది ఆమోదం పొందింది. ఇవాళ చాలా బీమా సంస్థలు రేటు చెప్పేముందు సిబ్బందికి శిక్షణ ఎలా ఇస్తున్నారో అడుగుతాయి.

చెట్ల జబ్బులు రెండో కారణం. యాష్ అనే జాతి చెట్లను తొలిచే ఆకుపచ్చ పురుగు 2002లో అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో బయటపడింది. యాష్ చెట్లను ఎండగొట్టే శిలీంధ్రం 2012లో బ్రిటన్‌లో నిర్ధారణ అయింది. చచ్చిన యాష్ కలప పెళుసుబారి, ముందు సూచన లేకుండా విరిగిపోతుంది. అలాంటి చెట్టు ఎక్కకుండా క్రేన్‌తోనో బకెట్‌తోనో కొట్టాలి. దాంతో మనిషికి అపాయం తగ్గుతుంది. కానీ పాలసీలో క్రేన్ మినహాయింపు ఉన్న కంపెనీ ఇక్కడ ఇరుకున పడుతుంది. భద్రంగా చేసే పద్ధతికే బీమా లేకపోవడం ఈ రంగంలోని విచారకరమైన వైరుధ్యం. దీన్ని సరిచేయాల్సింది బీమా సంస్థలే.

ఇక కంపెనీ సొంత చరిత్ర. అమెరికాలో వర్కర్స్ కాంపెన్సేషన్ ప్రీమియాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఆ రకం కంపెనీల సగటుకు 1.00. సాధారణంగా మూడేళ్ల క్లెయిమ్‌లను బట్టి అది పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 1.30 ఉన్న కంపెనీ అదే పనికి 30 శాతం ఎక్కువ కట్టాలి.

సర్టిఫికెట్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పనికి ముందు ఖాతాదారుకు ఒక పేజీ బీమా సర్టిఫికెట్ చూపిస్తారు. అమెరికాలో వాడే ప్రామాణిక సర్టిఫికెట్ మీదే, ఇది సమాచారం కోసం మాత్రమే, దీనివల్ల హక్కులేవీ రావు అని రాసి ఉంటుంది. మినహాయింపులు అందులో కనపడవు. వర్కర్స్ కాంపెన్సేషన్ గడిలో పాలసీ నంబరు ఉన్నా, అది ఉద్యోగులు లేరని చెప్పి, యజమానినీ మినహాయించి తీసుకున్న పాలసీ కావచ్చు. వాడుకలో దాన్ని 'గోస్ట్ పాలసీ' అంటారు. అక్కడ చెట్టెక్కే మనిషికి దానివల్ల దక్కేదేమీ ఉండదు.

కాబట్టి ఖాతాదారు సర్టిఫికెట్‌ను కంపెనీ చేతినుంచి కాకుండా ఏజెంటు నుంచి నేరుగా తెప్పించుకోవాలి. పాలసీలో రాసిన పని ఏమిటో, ఎత్తుకూ క్రేన్‌కూ మినహాయింపులున్నాయో లేదో అడగాలి. పెద్ద పనైతే కంపెనీ పాలసీ రక్షణ తనకూ వర్తించేలా తనను అదనపు బీమాదారుగా చేర్చే ఎండార్స్‌మెంట్ ప్రతి కోరాలి. ఆ ఎండార్స్‌మెంట్లలోనూ పని జరుగుతున్నంత సేపే వర్తించేవి ఒక రకం, పని అయిపోయాక జరిగే నష్టానికి వర్తించేవి మరో రకం.

ఆ రెండో రకం చెట్టు పనిలో ముఖ్యం. కొమ్మకు తీగ కట్టి బిగించిన ఏడాదిన్నర తర్వాత ఆ కట్టు ఊడి కొమ్మ పడవచ్చు. ప్రామాణిక లయబిలిటీ పాలసీలో చూసేది పని ఎప్పుడు జరిగిందన్నది కాదు, నష్టం జరిగిన రోజున పాలసీ అమల్లో ఉందా అన్నది. చలికాలంలో పనుల్లేవని పాలసీ ఆపేసి, వసంతంలో మళ్లీ తీసుకునే కంపెనీకి ఆ మధ్య నెలల్లో కొమ్మ పడితే, కట్టు కట్టిన రోజున పాలసీ ఉన్నా పరిహారం రాదు. మంచు, గాలి ఉండే ఆ నెలల్లోనూ కొమ్మలు విరుగుతాయి.